పదిహేను పెద్దదా, పదకొండు పెద్దదా?
(సంఘం వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శి గారు మమ్మల్ని మాట్లాడమని అడగటానికి వచ్చినప్పుడు ఒక షరతు పెట్టారు. "మాస్టర్ సాబ్, చదువు గురించి మాత్రం వద్దు. ప్రతి ఏడూ వింటూనే ఉన్నాం" అన్నారు. ఆయన మాటలో తప్పు లేదు. అందుకని ఈసారి చదువు జోలికి పోకుండా ఎన్నికల గురించి చెప్పుకుందాం. కంగారు పడకండి. మన ఊరి ఎన్నికలు కావు, మన రాష్ట్రానివీ కావు. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రంలో ఓక్లండ్ అనే నగరం ఉంది. అక్కడి మేయరు ఎన్నిక సంగతి. మేము పాఠాలు చెప్పేది ఉర్దూలో, అదీ లెక్కలు. తెలుగులో సభలో మాట్లాడటం మాకు కొత్త. మాట తడబడితే పెద్ద మనసుతో మన్నించాలి.

ఓక్లండ్‌తో మీకేం పని అంటారా? పని పడింది. పోయిన సంవత్సరం ఒక తండ్రి మా పాఠశాలకు కోపంగా వచ్చారు. ఆయన్ని కూర్చోబెట్టి సమాధానం చెప్పాలంటే మాకు ఓక్లండ్ దాకా పోవలసి వచ్చింది.

జరిగింది ఇది. మా తొమ్మిదో తరగతిలో నలభై మంది పిల్లలు. క్లాసు లీడరును ఎప్పుడూ మేమే వేలు చూపించి నిలబెట్టేవాళ్ళం. పోయిన ఏడు మాత్రం ఓటు పెడదామని సరదా పుట్టింది. నలుగురు నిలబడ్డారు. క్రికెట్టు బాగా ఆడే పొడుగు అబ్బాయి ఒకడు. లెక్కల్లో మమ్మల్నే తప్పు పట్టే అమ్మాయి ఒకతె. చెరువు అవతలి నుంచి సైకిలు మీద వచ్చే నెమ్మదైన పిల్లవాడు ఒకడు. అందరినీ నవ్వించేవాడు ఒకడు. ఒక్కరికే టిక్కు పెట్టమనకుండా, "మీకు ఎవరు కావాలో వాళ్ళకు 1, వాళ్ళు కాకపోతే ఎవరో వాళ్ళకు 2, ఆ తర్వాత 3 రాయండి" అని నల్లబల్ల మీద రాశాం.

చీటీలు విప్పితే ఒకటి చెల్లలేదు. మిగిలినవి ముప్ఫై తొమ్మిది. మొదటి లెక్కలో పొడుగు అబ్బాయికి పదిహేను, అమ్మాయికి పదకొండు, సైకిలు అబ్బాయికి తొమ్మిది, నవ్వించేవాడికి నాలుగు. ఎవరికీ సగం దాటలేదు. సగం దాటాలంటే ఇరవై రావాలి. అందుకని ఆఖరున ఉన్న నవ్వించేవాణ్ణి పక్కన పెట్టి, అతని నాలుగు చీటీల్లో 2 ఎవరికి ఉందో చూశాం. పొడుగు అబ్బాయికి రెండు, మిగతా ఇద్దరికీ ఒక్కొక్కటి. అంటే పదిహేడు, పన్నెండు, పది. ఇంకా ఎవరికీ ఇరవై లేవు. ఈసారి సైకిలు అబ్బాయిని పక్కన పెట్టి ఆ పది చీటీలు చూశాం. ఎనిమిది అమ్మాయికి పోయాయి, రెండు పొడుగు అబ్బాయికి. అమ్మాయికి ఇరవై, అబ్బాయికి పంతొమ్మిది. అమ్మాయి లీడరు అయింది. క్లాసంతా చప్పట్లు.

మర్నాడు పొద్దున ప్రార్థన గంట కొట్టకముందే ఆ అబ్బాయి తండ్రి వచ్చేశారు. మొదటి లెక్క వినగానే పిల్లవాడు ఇంటికి కబురు పంపాడట. ఇంట్లో వాళ్ళ అమ్మ సేమియా వండి వాడకట్టంతా పంచిందట. ఇంకేం చెప్పాలి! ఆయన అడిగిన మాట ఒక్కటే: "మాస్టర్ సాబ్, మావాడికి పదిహేను వచ్చాయి. ఆ పిల్లకు పదకొండు. పదిహేను పెద్దదా, పదకొండు పెద్దదా? లెక్కల మాస్టరు మీరు, మీరే చెప్పండి."

"కూర్చోండి భాయీ, చాయ్ తెప్పిస్తాం" అన్నాం. చాయ్ వచ్చేలోగా చెప్పిందే ఇప్పుడు మీకూ చెబుతున్నాం.

ముందు ఈ పద్ధతి మనకు కొత్తది కాదని మనవి చేయాలి. మా ఉపాధ్యాయులకు ఇది బాగా పరిచయమే. శాసన మండలిలో ఉపాధ్యాయుల నియోజకవర్గాలు, పట్టభద్రుల నియోజకవర్గాలు ఉన్నాయి కదా. మన మండలి 1985లో రద్దయి, 2007లో తిరిగి వచ్చింది. ఆ ఎన్నికల్లో మేము ఓటు వేసేది యంత్రం మీద కాదు, కాగితం మీదే. పోలింగు కేంద్రంలో ఒక ఊదారంగు స్కెచ్ పెన్ను ఇస్తారు. దానితోనే రాయాలి, జేబులో పెన్ను తీయకూడదు. మొదటి ప్రాధాన్యం తప్పనిసరి. మిగతావి ఇష్టమైతే రాయవచ్చు, లేకపోతే మానవచ్చు. అంకె వేయాలి గాని అక్షరాల్లో రాయకూడదు. అంకె ఏ భారతీయ భాషలోదైనా సరే. మేము ఒకసారి ఉర్దూ అంకెల్లో వేసి వచ్చి స్టాఫ్ రూములో చెబితే, తోటి మాస్టరు ఒకరు "మీ ఓటు పోయింది పొండి" అన్నారు. పోదు. నియమం అలాగే ఉంది. అయినా ఆ రాత్రి నిద్ర సరిగా పట్టలేదు, అది వేరే సంగతి.

ఇంకా పెద్ద ఉదాహరణ కావాలంటే రాష్ట్రపతి ఎన్నిక చూడండి. అక్కడా ఓటర్లు 1, 2, 3 అనే రాస్తారు. చాలాసార్లు మొదటి లెక్కతోనే తేలిపోతుంది కాబట్టి మనం గమనించం. 1969లో మాత్రం తేలలేదు. వి.వి. గిరి గారు, నీలం సంజీవరెడ్డి గారు, సి.డి. దేశ్‌ముఖ్ గారు ముఖ్యమైన పోటీదారులు. గిరి గారికి మొదటి ప్రాధాన్యంలో వచ్చిన ఓట్ల విలువ 4,01,515. సంజీవరెడ్డి గారికి 3,13,548. దేశ్‌ముఖ్ గారికి లక్షా పన్నెండు వేల పైచిలుకు. గెలవాలంటే 4,18,169 కావాలి. దేశ్‌ముఖ్ గారినీ, ఆయన కంటే వెనుక ఉన్న వారినీ తప్పించి రెండో ప్రాధాన్యాలు కలిపితే గిరి గారికి 4,20,077, సంజీవరెడ్డి గారికి 4,05,427 వచ్చాయి. చూశారా, సంజీవరెడ్డి గారికి ఒక్కసారిగా తొంభై వేలకు పైగా కలిశాయి, గిరి గారికి పద్దెనిమిది వేల చిల్లర. తొంభై వేలు కలిసినవారు ఓడారు, పద్దెనిమిది వేలు కలిసినవారు రాష్ట్రపతి అయ్యారు. ముందున్నవారు ముందే ఉండిపోయారు కాబట్టి ఎవరూ "పదిహేను పెద్దదా, పదకొండు పెద్దదా" అని అడగలేదు.

అడగవలసి వచ్చింది ఓక్లండ్‌లో.

ఓక్లండ్ శాన్‌ఫ్రాన్సిస్కోకు ఎదురుగా, అఖాతానికి అవతలి ఒడ్డున ఉన్న రేవు పట్టణం. 2010లో జనాభా నాలుగు లక్షలకు కొంచెం తక్కువ. కాలిఫోర్నియాలో నగరాల ఎన్నికలు పార్టీల ఎన్నికలు కావు. ఆ రాష్ట్ర రాజ్యాంగమే అలా చెబుతుంది. ఓటు కాగితం మీద అభ్యర్థి పేరు ఉంటుంది, పార్టీ పేరు ఉండదు. మన గ్రామ పంచాయతీ ఎన్నికల్లో సర్పంచికి పార్టీ గుర్తు లేనట్లే. ఎవరు ఏ పార్టీ మనిషో ఊరందరికీ తెలిసే ఉంటుంది, అక్కడా అంతే. కాని పార్టీ పేరు లేకపోవటంలో ఒక చిక్కు ఉంది. పార్టీ ఉంటే "మా పార్టీ నుంచి ఒక్కడే" అని ముందుగానే వడగట్టేస్తారు. పార్టీ లేకపోతే పదిమంది నిలబడతారు. పదిమంది నిలబడితే ఓట్లు పది దారులు పోతాయి. అప్పుడు మూడోవంతు కూడా రాని మనిషి గద్దె ఎక్కవచ్చు. ఆయన్ని వద్దనుకున్న రెండు వంతుల మంది తమలో తాము చీలిపోయి చూస్తూ కూర్చోవాలి.

ఈ బాధ తప్పించటానికి ఓక్లండ్‌లో పూర్వం రెండుసార్లు ఓటు పెట్టేవారు. జూన్‌లో ఒకసారి. ఎవరికీ సగం దాటకపోతే మొదటి ఇద్దరి మధ్య నవంబరులో మళ్ళీ. ఖర్చు రెండింతలు, జూన్‌లో వచ్చే జనం తక్కువ. 2006లో అక్కడి ప్రజలే ఓటు వేసి ఈ పద్ధతిని మార్చుకున్నారు. ఒకేసారి నవంబరులో పోలింగు, కాగితం మీదే 1, 2, 3. ఓట్లు లెక్కించే జిల్లా కార్యాలయం యంత్రాలు సిద్ధం చేసుకోవడం ఆలస్యమై, మొదటిసారి అమలైంది 2010లో.

అమ్మలకు, అక్కలకు అర్థమయ్యేట్టు చెప్పాలంటే ఇది బజారు చీటీ వంటిది. పిల్లవాణ్ణి బజారుకు పంపుతూ "వంకాయలు తే" అంటాం. వాడు పోయి వంకాయలు లేవని ఖాళీ చేతులతో తిరిగి వస్తే మళ్ళీ పంపాలి. అదే ముందే "వంకాయలు లేకపోతే బెండకాయలు, అవీ లేకపోతే దోసకాయ" అని చెప్పి పంపితే ఒక్క తిరుగుడుతో పని అవుతుంది. ఒక సంగతి మాత్రం మరచిపోకూడదు. మన ఇంటికి వచ్చేది ఎప్పుడూ ఒక్క కూరే. వంకాయలు దొరికితే బెండకాయల మాట ఎవరూ చదవరు. కాబట్టి 2 రాసినంత మాత్రాన 1 బలహీనపడదు. ఈ భయం చదువుకున్నవారికే ఎక్కువ ఉండటం మేము చూశాం.

ఇక 2010 నవంబరు 2. ఓక్లండ్ మేయరు పదవికి పదిమంది పోటీ. అందరిలో పెద్ద పేరు డాన్ పెరాటా. కాలిఫోర్నియా రాష్ట్ర సెనేటును నడిపిన నాయకుడు. డబ్బు, మనుషులు, పలుకుబడి అన్నీ ఉన్నవాడు. ఖర్చులో ఆయన దరిదాపులకు ఎవరూ రాలేదు. రెండో పేరు జీన్ క్వాన్. చైనా సంతతి ఆమె. ముందు పాఠశాలల బోర్డులో, తర్వాత నగర కౌన్సిలులో పనిచేసినామె. మూడో పేరు రెబెక్కా కాప్లాన్, ఆమె కూడా కౌన్సిలు సభ్యురాలే. పెరాటా, క్వాన్ ఇద్దరూ డెమోక్రటిక్ పార్టీవారే. పార్టీల మధ్య పోటీ కాదని చెప్పటానికే ఈ మాట.

ఓటు కాగితం మీద మూడు నిలువు వరుసలు. మూడింటిలోనూ అవే పేర్లు. మొదటి వరుసలో మొదటి ఇష్టం, రెండో దానిలో రెండోది, మూడో దానిలో మూడోది. మూడు దాటి చెప్పటానికి అప్పట్లో వీలు లేదు. (2022 నుంచి అయిదు వరకు చెప్పనిస్తున్నారు.)

మొదటి లెక్క చూడండి. పెరాటాకు నూటికి 33.7. క్వాన్‌కు 24.5. కాప్లాన్‌కు 21.6. మిగతా ఏడుగురికీ కలిపి మిగిలినవి. తొమ్మిది శాతం తేడా అంటే మన దగ్గర సాయంత్రానికే టపాకాయలు కాల్చేస్తారు.

కాని క్వాన్ ఏం చేసింది? ఇతర అభ్యర్థుల బోర్డులు పాతిన ఇళ్ళ తలుపులు కూడా తట్టింది. "మీ మొదటి ఓటు వారికే వేసుకోండి, రెండోదో మూడోదో నాకు ఇవ్వండి" అని అడిగింది. కాప్లాన్ గురించి చెడు మాట్లాడలేదు సరికదా, ఆమెను రెండో స్థానంలో రాయమని తన వాళ్ళకు చెప్పింది. పెరాటా పక్షం వారు మాత్రం పాత పద్ధతి ప్రకారమే మొదటి ఓట్ల మీద దృష్టి పెట్టారు. ఎదుటివాడి ఇంటి తలుపు తట్టటానికి నామోషీ పడని మనిషి, తట్టవలసిన అవసరమే లేదనుకున్న మనిషి. ఆ ఎన్నికలో మేము గ్రహించిన తేడా ఇది.

అడుగున ఉన్నవారిని ఒక్కొక్కరినే తప్పిస్తూ వచ్చారు. తొమ్మిదో లెక్క దాకా పెరాటాయే ముందు. అప్పటికి పెరాటా, క్వాన్, కాప్లాన్ ముగ్గురే మిగిలారు. కాప్లాన్‌ను తప్పించి ఆమె ఓట్లు పంచితే, పెరాటాకు పోయిన దానికి దాదాపు మూడింతలు క్వాన్‌కు పోయాయి. పదో లెక్కలో క్వాన్ 50.96, పెరాటా 49.04. రెండు వేల చిల్లర ఓట్ల తేడా. పోలింగు జరిగి వారం దాటాక ఆమె మేయరని తేలింది. ఓక్లండ్‌కు మొదటి మహిళా మేయరు, ఆసియా సంతతికి చెందిన మొదటి మేయరు కూడా ఆమే.

ఇక్కడ పెరాటా అభిమానుల గోల వినాలి. వాళ్ళు అడిగిందీ మా అబ్బాయి తండ్రి అడిగిందీ ఒకటే. 33.7 పెద్దదా, 24.5 పెద్దదా? మేము ఆయనకు చెప్పిన సమాధానం: భాయీ, 33.7 ప్రశ్నకు జవాబు కాదు, ప్రశ్నలో సగం. నూటికి ముప్ఫై నాలుగు మంది కావాలన్నారు సరే, మిగతా అరవై ఆరు మంది ఏమన్నారు? పాత పద్ధతిలోనైనా ఆయన అప్పుడే గెలిచేవాడు కాడు, క్వాన్‌తో మళ్ళీ తలపడవలసిందే. ఇక్కడ ఆ రెండో ఓటును కూడా అదే రోజు వేయించారు, అంతే.

ఇంతవరకు చెప్పి ఆపేస్తే మేము న్యాయం చేసినవాళ్ళం కాము. రెండో పక్షం కూడా చెప్పాలి. ఆ ఎన్నికలో మేయరుకు చెల్లిన ఓట్లు సుమారు 1,19,000. ఆఖరి లెక్కలో మిగిలినవి 1,05,000 చిల్లర. మిగతా పదమూడు వేల పైన ఏమైనట్లు? ఆ ఓటర్లు రాసిన పేర్లన్నీ అప్పటికే తప్పిపోయాయి. వాళ్ళ చీటీ బజారులో అయిపోయింది, వాళ్ళకు ఏ కూరా రాలేదు. క్వాన్‌కు వచ్చిన 50.96 శాతం ఆ మిగిలిన ఓట్లలో శాతం. మొదట చెల్లిన అన్ని ఓట్లతో పోల్చి చూస్తే అది నూటికి నలభై అయిదే. సగం దాటితేనే మేయరు అని గొప్పగా చెప్పే పద్ధతిలో ఇది చిన్న మాట కాదు. పది మందిలో ముగ్గురినే ఎంచమన్నందువల్ల ఇలా అయింది కొంత, రెండో పేరు రాయటం అనవసరం అనుకున్నవారి వల్ల కొంత.

ఇంకొక ఊరు ఉంది, వెర్మాంట్ రాష్ట్రంలో బర్లింగ్టన్. అక్కడ పార్టీల పేర్లు ఉంటాయి కాబట్టి మన కథకు పూర్తిగా సరిపోదు. 2009లో అక్కడ ఇదే పద్ధతిలో మేయరును ఎన్నుకున్నారు. మూడో స్థానంలో వచ్చి తప్పిపోయిన అభ్యర్థి, విడిగా ఒక్కొక్కరితో తలపడి ఉంటే మిగిలిన ఇద్దరినీ ఓడించి ఉండేవాడని ఓటు కాగితాలు పరిశీలించినవారు చూపించారు. అందరికీ రెండో ఇష్టమైనవాడు మొదటి ఇష్టాల్లో వెనుకబడి ముందే రాలిపోయాడన్నమాట. మరుసటి ఏడు ఆ ఊరివాళ్ళు ఈ పద్ధతినే తీసిపారేశారు. ఏ తక్కెడకైనా ఏదో ఒక పక్క కొంత మొగ్గు ఉంటుంది. ఆ మొగ్గు ఎటు ఉందో తెలిసి తూచటం వేరు, తెలియక తూచటం వేరు.

ఓక్లండ్‌లో మాత్రం పద్ధతి నిలిచింది. క్వాన్ 2014లో ఓడిపోయింది, లిబ్బీ షాఫ్ వచ్చింది. మంచి మేయరును ఇస్తుందని ఈ పద్ధతి ఎప్పుడూ హామీ ఇవ్వలేదు లెండి. 2022లో మళ్ళీ పాత కథే జరిగింది. మొదటి లెక్కలో లోరెన్ టేలర్ ముందున్నాడు. ఆఖరి లెక్కలో షెంగ్ తావ్ గెలిచింది. తేడా 677 ఓట్లు. నాలుగు లక్షల జనాభా ఉన్న ఊళ్ళో 677! ఆమెను 2024 నవంబరులో ప్రజలే వెనక్కి పిలిచే ఓటు వేసి దించేశారు. 2025 ఏప్రిల్‌లో ప్రత్యేక ఎన్నిక జరిగి, చాలా కాలం అమెరికా పార్లమెంటులో పనిచేసిన బార్బరా లీ గెలిచింది. అప్పుడు కూడా 1, 2, 3 తోనే.

2022 ఎన్నికలోనే జరిగిన ఒక సంగతి మమ్మల్ని ఎక్కువగా కలతపెట్టింది. అది మేయరు ఎన్నికలో కాదు, అదే రోజు జరిగిన పాఠశాలల బోర్డు ఎన్నికలో. కొంతమంది ఓటర్లు మొదటి వరుస ఖాళీగా వదిలి, రెండో వరుసలో మాత్రం గుర్తు పెట్టారు. నియమం ప్రకారం ఆ రెండోదే ఒకటోదిగా పైకి జరగాలి. యంత్రాన్ని అమర్చినవారు ఆ మీట సరిగా పెట్టలేదు. అధికారులు ఫలితం ధ్రువీకరించేశారు. డిసెంబరు చివరలో, ఈ పద్ధతి కోసం పాటుపడే బయటివారు లెక్కలు తిరగేస్తుంటే తప్పు బయటపడింది. ఒక స్థానంలో ఓడినవాణ్ణి గెలిచినట్లు ప్రకటించారని తేలింది. 2023లో కోర్టు దాకా పోయి సరిచేసుకోవలసి వచ్చింది. ఓటు కాగితాల వివరాలన్నీ అందరూ చూడటానికి పెట్టారు కాబట్టి దొరికింది. పెట్టకపోతే ఎవరికి తెలిసేది?

మన దగ్గర కూడా పరిస్థితి ఏమంత గర్వపడదగ్గది కాదు. 2021 మార్చిలో నల్లగొండ, ఖమ్మం, వరంగల్ పట్టభద్రుల స్థానానికి 71 మంది పోటీ చేశారు. ఓటు కాగితం దినపత్రికంత. రోజుల తరబడి లెక్కించారు. చెల్లని ఓట్లు ఇరవై వేలకు పైగా. వేసినవారందరూ డిగ్రీ చదివినవారే కదా! ఒకరు టిక్కు పెడతారు, ఒకరు 1 అని ఇద్దరికి రాస్తారు, ఒకరు కింద సంతకం చేస్తారు. ఉపాధ్యాయులం మేమేం తక్కువ తినలేదు.

ఇంత చెప్పేసరికి చాయ్ చల్లారింది. ఆ తండ్రి అంతా విన్నారు. చదువుకోలేదు గాని లెక్క తెలిసిన మనిషి. రోజూ గజం బద్ద పట్టుకుని బట్ట కొలిచే చెయ్యి. "సమజైంది మాస్టర్ సాబ్. మావాడు పంతొమ్మిది, ఆ పిల్ల ఇరవై. ఒప్పుకున్నా" అన్నారు. లేచారు. గుమ్మం దగ్గర ఆగి తిరిగి చూశారు.

"మరి ఆ నలభయ్యో చీటీ?"

నిజం చెప్పాలి. ఆ చీటీలో పొడుగు అబ్బాయికీ 1 ఉంది, నవ్వించేవాడికీ 1 ఉంది. ఇద్దరూ స్నేహితులే అనుకుంటాం, ఎవరినీ నొప్పించటం ఇష్టంలేక రాసి ఉంటాడు పాపం. చెల్లదని పక్కన పెట్టాం. ఇద్దరికీ 1 ఉంటే చెల్లదు, అది సరైన నియమమే. కాని ఆ నియమం మేము పిల్లలకు చెప్పామా? నల్లబల్ల మీద "1, 2, 3 రాయండి" అని రాశాం. "ఒక అంకె ఒక్కరికే" అని రాయలేదు. గంట కొట్టే వేళయిందని తొందర. ఆ చీటీ గనక పొడుగు అబ్బాయికి పడి ఉంటే ఇరవైకి ఇరవై అయ్యేది. ఓక్లండ్ వాళ్ళ మీట గురించి ఇంతసేపు ఆయనకు ఉపన్యాసం ఇచ్చిన మేమే మా క్లాసులో మీట పెట్టటం మరచిపోయాం.

"తప్పు మాదే భాయీ" అన్నాం. ఆయన తలూపి వెళ్ళిపోయారు. కోపం పోయిందో లేదో తెలియలేదు.

మర్నాడు క్లాసులో ఈ సంగతి దాచకుండా చెప్పాం. సగంమంది మళ్ళీ ఓటు పెట్టమన్నారు. సగంమంది అయిపోయింది కదా అన్నారు. ఆ అమ్మాయి తల వంచుకుని కూర్చుంది, ఒక్క మాట మాట్లాడలేదు. ఆ చీటీ ఎవరిదో అడగవద్దని మాత్రం గట్టిగా చెప్పాం. రహస్య ఓటును మాస్టరే తవ్వటం మొదలుపెడితే ఇక ఏముంటుంది? మళ్ళీ ఓటు పెట్టలేదు. ఓటు వేశాక ఫలితం చూసుకుని నియమం మార్చటం ఇంకా పెద్ద తప్పని మాకు తోచింది. ఆ రోజు మేము చేసింది న్యాయమేనా అంటే, ఆ అబ్బాయి మొహం చూసినప్పుడల్లా కొంచెం సందేహంగానే ఉంటుంది. అమ్మాయి ఏడాదంతా పని బాగా చేసింది, అది వేరు. ఆమె ఎంత బాగా చేసినా ఆ చీటీ ఆ చీటీయే.

ఈ ఏడు పిల్లలంతా పదో తరగతికి వచ్చారు. మళ్ళీ లీడరు ఎన్నిక. ఈసారి ముందుగా ఉత్తుత్తి ఓటు పెట్టించాం. మామిడి, జామ, సీతాఫలం, అరటి అని నాలుగు పళ్ళ పేర్లు రాసి ఎన్నుకోమన్నాం. నలభై చీటీల్లో అయిదు చెల్లలేదు! ఆ అయిదు చీటీలు పేర్లు లేకుండా బల్ల మీద పరిచి, ఏది ఎందుకు చెల్లదో అందరికీ చూపించాం. రెండోసారి పెడితే ఒకటే చెల్లలేదు. మూడోసారి అన్నీ చెల్లాయి. ఇందుకు రెండు పీరియడ్లు పట్టింది. రెండు పీరియడ్ల బీజగణితం పోయిందని ప్రధానోపాధ్యాయుల వారు కొంచెం విసుక్కున్నారు.

అసలు ఓటు నిన్న శుక్రవారం వేయించాం. పొడుగు అబ్బాయి మళ్ళీ నిలబడ్డాడు, ఆ అమ్మాయీ నిలబడింది, ఇంకో ముగ్గురూ ఉన్నారు. వారం రోజులుగా మేము వరండాలోంచి చూస్తూనే ఉన్నాం. పోయిన ఏడు వాడు తన బెంచి చుట్టూ ఉన్నవాళ్ళతోనే తిరిగాడు. ఈ ఏడు బెంచి బెంచికీ పోయి, చివరికి ఆ అమ్మాయి స్నేహితురాళ్ళ దగ్గరికి కూడా పోయి, చేతులు వెనక్కి కట్టుకుని, "ఒకటి మీకు ఇష్టమైన వాళ్ళకే రాసుకోండి. రెండు నాకు రాయరాదూ?" అని అడుగుతున్నాడు.

డబ్బాకు తాళం వేసి బీరువాలో పెట్టాం. చీటీలు సోమవారం పొద్దున విప్పుతాం. వాళ్ళ నాన్నగారు ఇవాళ ఈ హాల్లోనే ఉన్నారు. విప్పే వేళకు ఆయన్ను కూడా రమ్మన్నాం, వస్తానన్నారు. చాయ్ మాత్రం ఈసారి చల్లారనివ్వం.